డిగ్రీ తర్వాత నర్సింగు: ఆ మూడేళ్ళు ఎవరు మోయాలి?

(మహిళా కార్యకర్తల శిక్షణ సదస్సులో ఒక సీనియర్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



'స్త్రీలు - ఉపాధి' అని నాకు విషయం ఇచ్చారు. అంత పెద్ద విషయాన్ని మొత్తంగా మాట్లాడే శక్తి నాకు లేదు. అందులో నాకు బాగా తెలిసిన ఒక్క ముక్క తీసుకుంటాను. ఏదో ఒక డిగ్రీ చదివి, దానితో బతుకు గడవక, పాతికేళ్ళు దాటాక నర్సింగులోకి రావాలనుకునే ఆడవాళ్ళ గురించి మాట్లాడతాను. నేనూ అలా వచ్చినదాన్నే. బి.కాం. పూర్తిచేసి, 2009లో, ఇరవై ఏడో ఏట జనరల్ నర్సింగులో చేరాను. అలాంటి అమ్మాయిలు ఇవాళ మీ కౌన్సెలింగ్ కేంద్రాలకు, మీ ఆఫీసులకు వస్తున్నారు. "అక్కా, ఏం చెయ్యమంటారు?" అని అడుగుతున్నారు. వాళ్ళకు మనం ఏం చెబుతున్నాం, ఏం చెప్పాలి అన్నదే ఇవాళ్టి నా మాట.

ఎవరు వస్తున్నారు?

మన దగ్గర చాలామంది ఆడపిల్లలకు డిగ్రీ అంటే పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపం. ఏం చదవాలనుంది అని పిల్లని అడిగేవాళ్ళు తక్కువ. ఇంటికి దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏ గ్రూపుంటే అందులో చేర్పిస్తారు. బి.ఏ. అయినా బి.కాం. అయినా ఒకటే, శుభలేఖలో పేరు పక్కన పడడానికి పనికొస్తుంది. ఆ తర్వాత భర్త వదిలేస్తేనో, చనిపోతేనో, తాగి సంపాదన తగలేస్తేనో అప్పుడు ఆ సర్టిఫికెట్టును పెట్టె అడుగు నుంచి తీస్తాం. దాన్ని పట్టుకుని వెళితే దొరికేది బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే పని. లేదా ప్రైవేటు స్కూల్లో, వేసవి సెలవులకు జీతం ఇవ్వని టీచరు పని.

మా బ్యాచిలో నాతో కలిపి నలుగురం డిగ్రీ పూర్తిచేసి వచ్చినవాళ్ళం. ఒకామె బి.ఏ. చరిత్ర. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఒకామె బి.ఎస్సీ. లెక్కలు. ఇంకొకామెకు ఇంట్లో ఏ కష్టమూ లేదు. తండ్రి కిడ్నీ జబ్బుతో నెలల తరబడి ఆస్పత్రిలో ఉంటే, అక్కడి నర్సుల చేతిలో ఉన్న విద్యను దగ్గరుండి చూసింది. ఆ పని తనకు కావాలనుకుంది. ఈ నాలుగో ఆమెను మరిచిపోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. నర్సింగు అనగానే 'పాపం, గతిలేక వచ్చింది' అనే చూపు మనలో కూడా ఉంది. ఇష్టపడి వచ్చే హక్కు కూడా ఆడదానికి ఉంటుంది కదా.

ఈ చిన్నచూపు ఎక్కడిది?

'మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకోవాలి, రాత్రిళ్ళు డ్యూటీ చెయ్యాలి, మలమూత్రాలు ఎత్తాలి' - డిగ్రీ చదివిన కోడలు నర్సింగు అనగానే అత్తింట్లో వినపడే మూడు మాటలివి. మొదటి రెండూ ఆడదాని శీలం మీద కాపలా. మూడోది కులం. కాన్పు చేసిన చెయ్యి మైల, ఆ చెయ్యి లేకపోతే బిడ్డ భూమ్మీద పడదు. మంత్రసాని పనిని కింది కులాల స్త్రీలకు కట్టబెట్టి, వాళ్ళను గడప బయట నిలబెట్టిన సమాజం మనది.

గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ ఆడవాళ్ళకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. అలాంటి మిషన్ ఆస్పత్రుల్లో నర్సు శిక్షణకు ముందుకొచ్చిన వాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. ఆ కుటుంబాల్లో అధిక భాగం దళితులవి. మన ప్రాంతంలో ఆధునిక నర్సింగు అనే విద్యను నిలబెట్టింది వాళ్ళు. వాళ్ళకు దక్కింది మాత్రం 'నర్సమ్మ' అన్న ఈసడింపు. ఇవాళ అదే పనికి జర్మనీ నుంచో లండన్ నుంచో పిలుపొస్తే పై కులాల ఇళ్ళలో స్వీట్లు పంచుతున్నారు. పని మారలేదు, జీతం మారింది. కాబట్టి గౌరవం గురించి ఎవరు ఎంత చెప్పినా, దానికి కులమూ కూలీ రెండూ పునాదిగా ఉన్నాయని మనం గుర్తుపెట్టుకోవాలి.

సేవ, త్యాగం అనే మాటలూ ఇలాంటివే. మే 12న నైటింగేల్ జయంతికి మా చేతికి ఒక కొవ్వొత్తి ఇస్తారు, దీపధారిణి అని పొగుడుతారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ సంపన్న కుటుంబంలో పుట్టి, తండ్రి దగ్గర గ్రీకు, లాటిన్ నేర్చుకుని, ఇంట్లో వాళ్ళు ఏళ్ళ తరబడి అడ్డుపడినా ఈ పనిలోకి వచ్చిన మనిషి. ముప్ఫై దాటాకే ఆమెకు శిక్షణ దొరికింది. సైనికులు గాయాలతో కంటే ఆస్పత్రిలో అంటిన జబ్బులతో ఎక్కువగా చస్తున్నారని అంకెలతో నిరూపించింది. 1860లో లండన్‌లో శిక్షణాలయం పెట్టించింది. ఆమె దీపం గురించి చెప్పేవాళ్ళు ఆమె లెక్కల గురించి చెప్పరు. లెక్కలొచ్చిన మనిషికి జీతం ఇవ్వాల్సి వస్తుంది, దీపానికి అక్కర్లేదు.

ఇది చదువుతో కూడిన పని అని చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటల్లో ఎక్కించాలి. సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలు వదిలేది. అంటే మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి 42 చుక్కలు పడేట్టు సరిచెయ్యాలి. గుండె జబ్బున్న మనిషికి ఈ లెక్క తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రాత్రి రెండు గంటలకు, ముప్ఫై మంది రోగుల మధ్య, ఈ లెక్క తప్పకుండా చెయ్యాలి. మా బి.ఎస్సీ. లెక్కల అమ్మాయి మందు మోతాదుల్లో మా అందరికీ గురువు. చరిత్ర చదివినామె రోగి చెప్పింది విని, జరిగిన క్రమంలో కేసు షీటు రాస్తే డాక్టర్లు ఆగి చదివేవాళ్ళు. వెనకటి చదువు వృథా పోదు. దాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి మాత్రం మన దగ్గర లేదు.

గుమ్మం దగ్గర నిబంధనలు

ఇక అసలు విషయానికి వస్తాను. నర్సింగు కౌన్సిల్ నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగుకు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, వాటితోపాటు ఇంగ్లీషు ఉండాలి, 45 శాతం మార్కులు రావాలి. మీరు ఎం.ఏ. చదివినా సరే, ఇంటర్‌లో బయాలజీ లేకపోతే అక్కడ తలుపు మూసేస్తారు. మూడేళ్ళ జనరల్ నర్సింగుకు, అంటే జి.ఎన్.ఎం.కు, ఏ గ్రూపు ఇంటర్ అయినా చాలు. ఇంగ్లీషు ఉండాలి, 40 శాతం మార్కులుండాలి. సైన్సు వాళ్ళకు ప్రాధాన్యం ఉంటుంది. వయసు 17 నుంచి 35 లోపు. జి.ఎన్.ఎం. అయ్యాక రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చెయ్యవచ్చు. నేను చేరినప్పుడు జి.ఎన్.ఎం. మూడున్నరేళ్ళు ఉండేది.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. ఓపెన్ స్కూల్లో సైన్సు సబ్జెక్టులు, ఇంగ్లీషుతో ఇంటర్ పాసైనవాళ్ళు కూడా బి.ఎస్సీ. నర్సింగుకు అర్హులే. బి.ఏ. చదివిన అమ్మాయి బయాలజీ లేదని ఏడవక్కర్లేదు. కాకపోతే సీట్ల భర్తీ పద్ధతి, వయసు సడలింపు ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు నోటిఫికేషన్ తెప్పించి చదివి చెప్పండి. 1947 నాటి నర్సింగు కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. నిబంధనలు తిరగరాసే కాలం ఇది. అడగాల్సినవి మనం ఇప్పుడే అడగాలి.

పెళ్ళయినదానికి చోటులేదనే నియమాలు కూడా ఈ వృత్తిలో చాలాకాలం నడిచాయి. పెళ్ళి చేసుకుందని సైనిక నర్సింగు సర్వీసు నుంచి 1988లో ఒక లెఫ్టినెంట్‌ని తీసేశారు. అది పచ్చి లింగవివక్ష అని సుప్రీంకోర్టు చెప్పి, 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నది 2024 ఫిబ్రవరిలో. ముప్ఫై ఆరేళ్ళు పోరాడిందామె.

ఆరు నెలల కోర్సు అనే ఉచ్చు

ఇప్పుడు చెప్పే మాట కొంచెం కటువుగా ఉంటుంది. ఏమీ అనుకోవద్దు. డిగ్రీ చదివి, బిడ్డతో బయటపడిన అమ్మాయి వస్తే మనలో చాలామంది ఏం చేస్తున్నాం? "ఆరు నెలల నర్సింగు అసిస్టెంట్ కోర్సు ఉంది, చేరు, వెంటనే పని దొరుకుతుంది" అంటున్నాం. నివేదికలో 'ఉపాధి కల్పించాం' అని ఒక అంకె పెరుగుతుంది. ఆ అమ్మాయి మాత్రం నర్సు కాదు. నర్సింగు కౌన్సిల్లో ఆమె పేరు నమోదు కాదు. ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదు. వేరే దేశం మాట అటుంచి, పక్క ఊరి పెద్దాస్పత్రిలో కూడా నర్సుగా చేరలేదు. నర్సు డ్రెస్సే వేసి, నర్సు పనే చేయించుకుని, ఆయా జీతం ఇస్తారు. ఏదైనా పొరపాటు జరిగితే 'ఆమె క్వాలిఫైడ్ కాదు' అని ఆమె మీదికే తోస్తారు. ఇల్లిల్లూ తిరిగే హోమ్ నర్సుల పరిస్థితి మరీ ఘోరం. నాలుగు గోడల మధ్య ఇరవై నాలుగ్గంటలు, కమీషను ఏజెంటుకి.

ఆ కోర్సులు ఉండొద్దని నేననడం లేదు. పదో తరగతి దాటని వాళ్ళకు అవి ఒక ఆధారం. కానీ మూడేళ్ళ కోర్సుకు అర్హత ఉన్న మనిషిని ఆరు నెలల దానిలోకి పంపితే ఆమె జీవితకాలపు కూలీలో సగం మన చేతులతో కోసేసినట్టే.

"మూడేళ్ళు ఎలా గడుస్తుంది?" అని మీరు అడుగుతారు. ప్రశ్నంతా అక్కడే ఉంది. ఫీజు, హాస్టలు, బిడ్డ పాలడబ్బా - ఆ మూడేళ్ళు ఎవరు మోయాలి? మా చరిత్ర స్నేహితురాలి విషయంలో ఆమె తల్లి మోసింది. అరవయ్యేళ్ళ మనిషి మిరపకోతలకు వెళ్ళి మనవల్ని పెంచింది. నాకు మా అన్న మోశాడు, పొలం తాకట్టు పెట్టి. కుటుంబం లేనివాళ్ళ సంగతేమిటి?

దీనికి జవాబు ఒకప్పుడు మన తెలుగు మనిషే ఇచ్చింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైంది. 1958లో ఆ మండలి కండెన్స్‌డ్ కోర్సుల పథకం పెట్టింది. మధ్యలో చదువాగిపోయిన స్త్రీలను, వితంతువులను, భర్తలు వదిలేసినవాళ్ళను రెండేళ్ళలో మెట్రిక్ దాటించి నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా శిక్షణకు పంపడం దాని ఉద్దేశం. వయసు దాటిన స్త్రీ చదువును ఇంటివాళ్ళ దయకు వదిలెయ్యకుండా ప్రభుత్వ ఖజానా మోయాలి అన్న సూత్రం అందులో ఉంది. అప్పుడు కావలసింది మెట్రిక్, ఇప్పుడు కావలసింది డిగ్రీ తర్వాత మూడేళ్ళు. సూత్రం పాతబడలేదు.

బయటి దేశాల్లో

అమెరికాలో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1971లోనే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకు త్వరగా నర్సింగు డిగ్రీ ఇచ్చే కోర్సు మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ అలాంటివి చాలా ఉన్నాయి. ముందు చదివిన సబ్జెక్టులను లెక్కలో వేసుకుని, తక్కువపడిన జీవశాస్త్రం, రసాయన శాస్త్రం పూర్తిచేయించి, ఏడాది నుంచి ఏడాదిన్నరలో నర్సింగు చెప్పేస్తారు. ఆ తర్వాత అందరితోపాటు ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి. ప్రమాణం తగ్గించలేదు, చదివిందే మళ్ళీ చదివించడం తగ్గించారు.

దీనికీ మనవాళ్ళకూ సంబంధం ఉంది. భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో వెళ్ళిన మన తెలుగు అమ్మాయిలు, ఇంజనీరింగులూ పీజీలూ చదివినవాళ్ళు, అక్కడ పనిచేసే హక్కు లేక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నారు. 2015లో కొన్ని షరతులతో కొందరికి మాత్రం పని అనుమతి ఇచ్చారు. చదువుకోవడానికి ఆ వీసాలో అడ్డులేదు. అలా చదివి నర్సింగులోకి మారినవాళ్ళున్నారు. వాళ్ళు ఇక్కడే ఉండి నర్సింగు చదవాలనుకుంటే మళ్ళీ ఇంటర్ మార్కుల మెమో తీసుకుని పదిహేడేళ్ళ పిల్లల వరసలో నిలబడాల్సిందే.

చేరాక, చదివాక

విద్యార్థిని అంటే వార్డులో జీతం లేని నర్సు. నేను చదివిన చోట సగం వార్డులు మేమే నడిపాం. గర్భం వస్తే కోర్సు పోయినట్టే. 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది ఉండాలన్న నిబంధన 2017లో వచ్చాయి. కానీ అవి ఉద్యోగినికి. విద్యార్థినికి ఏమీ లేదు. పాతికేళ్ళు దాటిన పెళ్ళయిన స్త్రీలు చదువుకు వస్తున్నప్పుడు ఈ లోటు మామూలు లోటు కాదు.

ఒక్క చట్టం మాత్రం విద్యార్థినికీ వర్తిస్తుంది. పనిస్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఆస్పత్రుల్ని, నర్సింగు హోముల్ని పేరుపెట్టి చెప్పింది, శిక్షణలో ఉన్నవాళ్ళను కూడా కలిపింది. 1973లో ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ మీద వార్డుబాయ్ దాడి చేస్తే, 2015లో చనిపోయేదాకా 42 ఏళ్ళు ఆమె మంచానికే అంటుకుపోయింది. అన్నేళ్ళూ ఆమెను కంటికి రెప్పలా చూసింది తోటి నర్సులే. 2024లో కలకత్తాలో డ్యూటీలో ఉన్న యువ డాక్టర్‌ను చంపేశారు. యాభై ఏళ్ళ తర్వాత కూడా రాత్రి డ్యూటీలో తలుపు గడియ పడే విశ్రాంతి గది కోసం అడుగుతూనే ఉన్నాం.

చదువయ్యాక జీతం సంగతి. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల దోపిడీపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు కమిటీ వెయ్యమన్నది. ఆ కమిటీ చెప్పింది రాసుకోండి: 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం. 100 దాటితే దానికి 10 శాతం కంటే తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలుంటే 25 శాతం కంటే తగ్గకూడదు. 50 లోపు పడకలున్నా 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వకూడదు. ఇది సిఫార్సే, దానంతటది అమలు కాదు. కేరళ నర్సులు 2017లో సమ్మెకు దిగాకే 2018లో అక్కడ 20,000 కనీస వేతనం నోటిఫికేషన్ వచ్చింది. అడిగినచోట వచ్చింది.

నా మొదటి ఉద్యోగంలో ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేశారు. రెండేళ్ళ బాండు. ఆస్పత్రి పేరు అనవసరం, అలాంటివి ఊరికి నాలుగున్నాయి. బి.కాం. సర్టిఫికెట్టు కూడా ఎందుకు తీసుకున్నారని అడిగితే, 'అకౌంట్స్ పని దొరికితే వెళ్ళిపోతావుగా' అన్నారు. ఆ రెండో డిగ్రీ నాకు బయటికి దారి అని వాళ్ళకు తెలుసు. మన అమ్మాయికి కూడా తెలియాలి.

మనం చెయ్యాల్సినవి

మీ దగ్గరకు వచ్చిన స్త్రీ విషయంలో ఇవి చూడండి. ఒకటి, ఇంటర్ మెమో, వయసు, డిగ్రీ అన్నీ చూసి ఏ కోర్సుకు అర్హత ఉందో ముందు తేల్చండి. ఆరు నెలల కోర్సు చివరి మాట కావాలి, మొదటిది కాకూడదు. రెండు, ఆ సంస్థకు రాష్ట్ర నర్సింగు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. మూడు, కట్టిన ప్రతి రూపాయికీ రశీదు. ఒరిజినల్స్ చూపించడం వరకే, వదిలి రావద్దు. నాలుగు, విదేశం పేరు చెప్పే ఏజెంటుకి డబ్బిచ్చే ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థల్లో విచారించండి. అయిదు, ఆమెకు నిజంగా ఇష్టమేనా అని అడగండి. రక్తం చూసి కళ్ళు తిరిగే మనిషిని ఉద్యోగం దొరుకుతుందని తోసెయ్యొద్దు. నాలుగు రోజులు ఒక వార్డులో కూర్చుని చూడమనండి.

సంఘటితంగా మనం అడగాల్సినవి ఇవి. డిగ్రీ ఉన్న స్త్రీలకు, వెనకటి చదువును లెక్కలోకి తీసుకునే నర్సింగు కోర్సు కావాలి. ఒంటరి స్త్రీలకు వయసు పరిమితి ఎత్తెయ్యాలి. మూడేళ్ళూ స్టైపెండు, పిల్లలతో ఉండే హాస్టలు ఇవ్వాలి. విద్యార్థినికి ప్రసూతి సెలవిచ్చి, తిరిగొచ్చాక ఆగిన చోటు నుంచే చదువు సాగనివ్వాలి. 2016 నాటి కమిటీ జీతాలను రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వుగా తేవాలి.

ఆస్పత్రిలో మనకు జబ్బు చేసినప్పుడు రాత్రంతా మెలకువగా ఉండేది నర్సు. ఆమె ఆ మంచం దగ్గరకు రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ మూడేళ్ళ భారం ఒక ముసలి తల్లి మీదో, తాకట్టు పెట్టిన పొలం మీదో పడకూడదు. వచ్చే సమావేశానికి మీ మండలంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న స్త్రీలు ఎంతమందో, వాళ్ళలో నర్సింగు కావాలనుకునేవాళ్ళు ఎవరో పేర్లు రాసుకుని రండి. ఆ జాబితా పట్టుకునే కలెక్టరాఫీసుకు వెళదాం.